ఏటేటి పాట

కలకత్తాలో రికార్డింగు గది తలుపు మీద ఎర్ర బల్బు వెలిగేసరికి పద్మకుమారి హెడ్‌ఫోనులో ఎడమ వైపు మూగబోయింది. ఆ సంగతి చెప్పడానికి ఆమెకు మొహమాటం వేసింది. అప్పటికే పాట నాలుగుసార్లు ఆగింది. అందులో రెండుసార్లు ఆమె వల్లే. నిలబడిన చోట నిలబడకుండా కాళ్లు కదుపుతుంటే చప్పుడు మైకులో పడుతోందని చెప్పులు విప్పించారు. ఇప్పుడు ఒట్టి కాళ్లతో చల్లటి గచ్చు మీద నిలబడి, బొటనవేలితో గీతలు గీస్తోంది.

అది 1982 ఆగస్టు. ముగ్గురమ్మాయిలు ఆ ఉదయమే జంషెడ్‌పూర్ నుంచి వచ్చారు. పద్మ, జానకి అక్కడి బర్మామైన్స్ అనే పేటలో ఒకే సందువాళ్లు. ఇద్దరి తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఇనుము పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డవాళ్లు. జానకి ఒక చిన్న కంపెనీలో టైపిస్టు. మూడో అమ్మాయి కుసుమకుమారిది టెల్కో కాలనీ. ఇంజనీరు నరసింహంగారి కూతురు, పద్మతో కాలేజీలో చదువుతోంది, గిటారు వాయిస్తుంది. పూజల రోజుల్లో ఆర్కెస్ట్రాలలో వెనక నిలబడి కోరస్ పాడే ఈ ముగ్గురినీ కిందటేడు అనిమేష్ బాబు అనే కలకత్తా ఆయన విన్నాడు. ఆయనకు చిన్న రికార్డుల కంపెనీ ఉంది. ‘సువర్ణ సిస్టర్స్’ అని వాళ్లకు పేరు పెట్టి, ఒక హిందీ పాట రాయించి, పాడటానికి రమ్మన్నాడు. పాట పేరు ‘బస్ ఆయీ’. బస్సు వచ్చింది, నువ్వు రాలేదు అని బస్టాపులో ఎదురుచూసే అమ్మాయి పాడే పాట.

చరణంలో ఒక పొడుగాటి స్వరం ఉంది. పైకి ఎక్కి, అక్కడే నిలిచి, మెల్లగా దిగాలి. దాని కోసం పద్మ మూడు నెలలు సాధన చేసింది. ఇంట్లో పాడితే పక్కింటివాళ్లు గోడ బాదుతారని, రైలు పట్టాల పక్కన నడుస్తూ గూడ్సు బండి వచ్చినప్పుడల్లా గొంతెత్తి పాడుకునేది. ఈసారి ఆ స్వరం అనుకున్నట్టే ఎక్కింది, నిలిచింది, దిగింది. ఆమెకు ఒళ్లు జల్లుమంది. సరిగ్గా అప్పుడే డ్రమ్ము ఆగి, నాలుగు దెబ్బల సేపు ఒక్క గిటారే మోగే చోట, అద్దం వెనక నుంచి అనిమేష్ బాబు ఏదో అన్నాడు. మైకుకు దగ్గరగా జరగమన్నాడట. ఆమెకు సగమే వినబడింది.

“ఏటి?” అంది, గట్టిగా, మైకులోకే.

జానకి నవ్వు ఆపుకోలేక “ఏటి?” అని వెక్కిరించింది. కుసుమ ఇంట్లో అందరూ ‘ఏమిటి’ అనేవాళ్లు. ఆమెకు ఆ మాట ఎప్పుడూ తమాషాగానే ఉండేది. గిటారు తాళానికి కలిపి “ఏటేటేటి?” అని సాగదీసింది. డ్రమ్ము వాయించే అతను ఏమనుకున్నాడో టకటకా అందుకున్నాడు.

అనిమేష్ బాబు తలుపు తోసుకుని వచ్చాడు. పద్మ తిట్లకు సిద్ధమై తల వంచుకుంది.

“ఆ మాటేమిటి?” అని హిందీలో అడిగాడు.

“మా ఇంటి మాట. క్యా అని అర్థం.”

“మళ్లీ అను. అలాగే, విసుగ్గా. పల్లవి తర్వాత మూడుచోట్ల పెడదాం.”

“మరి నా చరణం?”

“అది బాగుంది, బాగుంది” అంటూనే ఆయన వెనక్కి పరిగెత్తాడు.

రికార్డు వచ్చేదాకా పద్మకు కుదురు లేదు. పొద్దున్నే టాటానగర్ స్టేషను దాకా నడిచి తిరిగి వచ్చేది. అన్నం పళ్లెం పట్టుకుని గుమ్మానికీ పొయ్యికీ మధ్య తిరుగుతూ తినేది. “ఓలె గుంటా, కాళ్లకి సెక్రాలేటే?” అని నాయనమ్మ నూకాలమ్మ కసిరేది. తల్లి చిన్నప్పుడే పోయింది. ఇంట్లో ఉన్నది నాయనమ్మ, తండ్రి ఆదిబాబు, తను. ఆదిబాబు ఆదిత్యపూర్‌లో ఒక చిన్న రోలింగు మిల్లులో పని చేస్తాడు. ఎర్రగా కాలిన కడ్డీ రోలరు లోంచి పాములా బయటికి వస్తుంటే పట్టకారుతో దాని మూతి పట్టుకుని, తిప్పి, రెండో రోలరులో పెట్టడం ఆయన పని. కూతురి పాట గురించి ఆయన ఎక్కువ మాట్లాడలేదు. కలకత్తా వెళ్లే ముందు మాత్రం “గొంతు సల్లబడకుండా సూసుకో” అని మఫ్లరు తీసిచ్చాడు.

దసరా పూజలకు రికార్డు వచ్చింది. సప్తమి సాయంత్రం జంషెడ్‌పూర్‌లోని సాక్చి బజారులో ముగ్గురూ పందిరి ముందు జనంలో ఒత్తుకుంటూ నిలబడ్డారు. ఢాక్ వాయిద్యం ఆగి లౌడ్‌స్పీకరు గరగరలాడింది. తన గొంతు తనకే ఎదురుగా వస్తే పద్మ జానకి చెయ్యి పట్టుకుని నలిపేసింది. పల్లవి అయింది. జనం ఒక్కసారిగా అరిచారు.

“ఏటి! ఏటి! ఏటేటేటి!”

పిల్లలూ పెద్దలూ బెంగాలీలూ బీహారీలూ పంజాబీలూ అందరూ ఒకే గొంతుతో అరిచారు. అప్పటికే ఆ పాట మూడు రోజులుగా మోగుతోందట. కుసుమ ఎగిరి గంతేసింది. జానకి కళ్లలో నీళ్లు తిరిగాయి. పద్మ కూడా నవ్వింది. చరణం కోసం చెవులు రిక్కించింది. ఆ స్వరం పైకెక్కి నిలబడే చోటుకు వచ్చేసరికి, జనం ఇంకా నవ్వుకుంటూ, తర్వాత వచ్చే ‘ఏటి’ కోసం గొంతులు సవరించుకుంటున్నారు. ఆ స్వరం ఎవరికీ వినబడలేదు.

“ఇంకోపాలి ఏత్తారేమో, ఆగండే” అంది పద్మ.

ఆ సాయంత్రం అదే పాట పదకొండు సార్లు వేశారు. పదకొండు సార్లూ అంతే.

దీపావళి నాటికి దాన్ని ‘బస్ ఆయీ’ అనే వాళ్లే లేరు, ఊరంతా ‘ఏటేటి పాట’ అంది. రాంచీలో, ధన్‌బాద్‌లో కూడా దుకాణాల్లో రికార్డు దొరకడం లేదని అనిమేష్ బాబు ఉత్తరం రాశాడు. టీ కొట్లలో క్యాసెట్లలోకి ఎక్కించుకుని పొద్దస్తమానం వేసేవారు. కూరల బజారులో తెలుగు ఆడవాళ్లు కనిపిస్తే చాలు, అమ్మేవాళ్లు “ఏటి, ఏటి!” అని పిలిచి నవ్వేవారు. నూకాలమ్మకు అది భలే సరదా. “మన మాట సూడు, ఊరంతా అంతన్నారు!” అని వంకాయల వాడికి ‘ఏటిరా’ అనడం కూడా నేర్పి వచ్చింది.

ఆదిబాబు సంగతి వేరేగా ఉంది. మొదట్లో మిల్లులో అందరూ వీపు తట్టి మిఠాయి అడిగితే తీసుకెళ్లి పంచాడు. తర్వాత ఆయన మాటలు తగ్గాయి. ఒకరోజు పద్మ వెనక నుంచి ఏదో అడిగితే ఆయన తిరిగి “క్యా?” అన్నాడు. ఆమె ఆగిపోయింది. సందులో తెలుగు పిల్లలు హిందీలో జవాబు చెబితే కోప్పడే మనిషి. ఇంకోరోజు నాయనమ్మతో “ఏమిటమ్మా” అన్నాడు, బడిపంతులు అన్నట్టు. నూకాలమ్మ బిత్తరపోయి కొడుకు నుదురు తాకి చూసింది.

అసలు సంగతి పోలరాజు చెప్పాడు. ఆయన ఆదిబాబుతో కలిసి పని చేస్తాడు, అదే సందులో ఉంటాడు. డిసెంబరులో ఒక ఆదివారం పద్మ కుళాయి దగ్గర నీళ్లు పడుతుంటే దగ్గరకు వచ్చాడు.

“అమ్మీ, మీ నాన్న సెప్పినాడేటి?”

“ఏ సంగతి, మావా?”

“సెప్పడులే. మిల్లులో సప్పుడు తెల్సు కదా, మనిషి పక్కనుండి అరిసినా ఇనపడదు. ‘ఏటి’ అని అడుగుతావుంటాం, మల్లీ సెప్తారు. ఇప్పుడు మీ నాన్న ‘ఏటి’ అంతే సాలు, ఆ పక్కనుండి ఈ పక్క దాకా పాటెత్తుకుంటారు. అందుకని అడగడం మానేసినాడు. ఇనపడకపోయినా తలూపేత్తన్నాడు. బేస్తవారం నాడు రోలరు కాడున్న లల్లన్, కడ్డీ వంకరగా వత్తంది, ఎనక్కి జరుగు అని అరిసినాడు. ఈయన తలూపి ముందుకే ఎల్లినాడు. కడ్డీ కాలి పక్కనుండి ఎల్లిపోనాది. ఇంతే.” పోలరాజు జానెడు కూడా లేని దూరం చేత్తో చూపించాడు. “నాను సెప్పినానని అనకు.”

బిందె నిండి నీళ్లు పొర్లుతున్నాయి. పద్మ దాన్ని అక్కడే వదిలేసి ఇంట్లోకి పరిగెత్తింది. ఆదిబాబు మంచం మీద కూర్చుని చొక్కాకు గుండీ కుట్టుకుంటున్నాడు. ఎడమ కాలి ప్యాంటు అంచు మీద కాలి నల్లబడ్డ మరక ఉంది.

“నాన్నా, అదేటి?”

ఆయన కాలు వెనక్కి లాక్కున్నాడు. “కుఛ్ నహీ.”

“నాతో హిందీ మాటాడకు! అడగడం ఎందుకు మానేసినావు?”

ఆదిబాబు సూది గుచ్చి పక్కన పెట్టాడు. “యాభై మంది నవ్వుతారే” అన్నాడు. “నోరు తెరిత్తే సాలు. నీ పాట బాగుంది, నాను కాదన్ను. గాని ఆ మాట మా అయ్య కాడినుండి నా నోట్లో ఉంది. ఇప్పుడు ఆ మాట అంతుంతే నాదిలాగ నేదు.”

ఆ మాటలు ఆమెను నిలవనివ్వలేదు. మర్నాడు జానకి పని నుంచి వచ్చే బస్సు దగ్గర కాపు కాసింది. ఆ పాట ఆపించమని అనిమేష్ బాబుకు ఉత్తరం రాద్దామంది.

జానకి నివ్వెరపోయింది. “ఆపిస్తావా? ఊరంతా ఉన్న క్యాసెట్లు ఎవరాపుతారే? పైగా ఆయన రెండో పాట రాయిస్తన్నాడు. ‘ఓలమ్మో’ అని. మన మాటలే అన్నీ, నవ్వొచ్చేటట్టు.”

“నవ్వొచ్చేటట్టా?”

“నాను పొద్దున్నుండి సాయంత్రం దాకా ఎవరివో ఉత్తరాలు టైపు కొడతాను పద్మా. బస్సులో ఎక్కితే కండక్టరు నన్ను సూసి సీటిప్పించినాడు. ఒక్కపాలి వచ్చింది మనకి. దీన్ని కూడా కాలితో తన్నుకుంతావేటి?”

“మా నాన్న కాలు పోయేదే, రవ్వంతలో తప్పినాది.”

జానకి ముఖం మారింది. బస్సులు వస్తూ పోతూ ఉన్నాయి. “దానికి నానేటి సెయ్యాలి?” అని మెల్లగా అని, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది. తర్వాత వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

ఫిబ్రవరిలో తెలుగు మిత్రమండలి వార్షికోత్సవం వచ్చింది. మండలి కార్యదర్శి సోమశేఖర్‌గారు పెద్ద ఉద్యోగంలో ఉన్నాయన, నరసింహంగారికి స్నేహితుడు. ముగ్గురినీ కుసుమ ఇంటికి పిలిపించి మర్యాదగా మాట్లాడారు.

“మన ఆడపిల్లలు పేరు తెచ్చారు, సంతోషం. తప్పకుండా పాడండి. ఒక్కటే మనవి. ఆ మాట మాత్రం వద్దమ్మా. ‘ఏమిటి’ అని మార్చుకోండి. తెలుగంటే ఇదేనా అని బయటివాళ్లు నవ్వుతున్నారు.”

కుసుమ తల ఊపింది. జానకి పద్మ వైపు చూసింది. పద్మ కుర్చీ చివరన కూర్చుని మోకాలు ఆడిస్తోంది. ఆ మాట మీద తనకే ఎంతో కోపం. అయినా ఈయన తీసెయ్యమంటే చెంప మీద కొట్టినట్టయింది.

“మా ఇంట్లో అదే అంతామండీ” అంది.

“ఇంట్లో అనుకోవచ్చమ్మా.”

ఉత్సవం ఆదివారం సాయంత్రం మైదానంలో జరిగింది. ముందు వరసల్లో కుర్చీల్లో ఆఫీసర్ల కుటుంబాలు, వెనక నేల మీద బర్మామైన్స్ నుంచి వచ్చిన కార్మికులు, చుట్టూ గోడలెక్కి ఊరి కుర్రకారు. తెలుగురాని వాళ్లే సగం మంది. ఆదిబాబుకు ఆ వేళ డ్యూటీ ఉంది. అది తెలిసి పద్మకు కొంత ఊరట, కొంత బాధ.

పాట మొదలైంది. పల్లవి అయింది. గిటారు ఒక్కటే మోగే చోటు వచ్చింది. ‘ఏమిటి’ అనాల్సింది పద్మే. ఆమె నోరు విప్పలేదు. జనమే అరిచారు, “ఏటి! ఏటి!” అని గోడల మీద నుంచి ఈలలు వేశారు. ఆమె చెయ్యెత్తింది. కుసుమ వేళ్లు తీగల మీద ఆగాయి.

“ఒక మాట సెప్పాలి” అంది పద్మ మైకులో. గొంతు వణికింది. “మా నాన్న రోలింగు మిల్లులో పన్జేత్తాడు. అక్కడ సప్పుడికి ఏటీ ఇనపడదు. ఇనపడకపోతే ‘ఏటి’ అని అడగాల. అడిగితే మీరందరూ నవ్వుతన్నారు. అందుకని అడగడం మానేసినాడు. రెండు నెల్ల కిందట ఎర్రగా కాలిన కడ్డీ ఆయన కాలి పక్కనుండి పోయింది.”

ముందు వరసలో ఎవరో గుసగుసలాడారు. సోమశేఖర్‌గారు లేచి నిలబడ్డారు. పద్మ అదంతా మళ్లీ హిందీలో చెప్పింది, గోడల మీద ఉన్నవాళ్లకు. హిందీలో ఆమె గొంతు వణకలేదు.

“నవ్వాలనుంటే నవ్వండి. పాట నవ్వడానికే. కానీ ఎవరైనా ‘ఏటి’ అని అడిగితే ముందు జవాబు చెప్పండి. తర్వాత నవ్వండి.”

ఆమె కుసుమ వైపు తిరిగింది. కుసుమ చేతులు కదల్లేదు, కళ్లు తండ్రి కూర్చున్న వైపు ఉన్నాయి. అప్పుడు జానకి మైకు ముందుకు వచ్చి, “ఏటి?” అంది. నెమ్మదిగా, నిజంగా అడిగినట్టు అంది. వెనక నేల మీద కూర్చున్న వాళ్లలోంచి ఒక ముసలి గొంతు “ఏటీ నేదు తల్లీ, పాడండి!” అని జవాబిచ్చింది. అక్కడ నవ్వు మొదలై ముందు వరసల దాకా వచ్చింది. అది వెక్కిరింపు నవ్వు కాదు. గిటారు మళ్లీ అందుకుంది. గోడ మీద నుంచి మాత్రం ఒకరిద్దరు పాత పద్ధతిలోనే అరిచారు. వాళ్లను ఎవరూ ఆపలేదు. చరణం వచ్చింది. పద్మ కళ్లు మూసుకుని స్వరం ఎత్తింది. ఎంతమంది విన్నారో ఆమెకు తెలియదు.

ఇంటికొచ్చేసరికి సంగతి తనకన్నా ముందే చేరింది. ఆదిబాబు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“నా సంగతి నలుగుర్లో సెప్పమని నిన్నెవరు అడిగినారే?”

“నువ్వు సెప్పవు కదా!”

“అయితే? నాకు సిగ్గనేది ఉండదేటి? రేపు మిల్లులోకి ఏ మొకం పెట్టుకుని ఎల్లాలి?”

ఆయన అంత గట్టిగా అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. నాలుగు రోజులు కూతురితో మాట్లాడలేదు. ఐదో రోజు అన్నం తింటూ, ముఖం పళ్లెంలోనే పెట్టుకుని చెప్పాడు.

“లల్లన్ ఒక పని సేసినాడు. రోలరు కాడ నాలుగు రంగు జెండాలు కట్టించినాడు. ఎర్రదెత్తితే ఎనక్కి, పచ్చదెత్తితే ముందుకి. మేస్త్రీ ఒప్పుకున్నాడు.”

“మరి నవ్వుతన్నారా?”

“నవ్వుతారు. ఆల నోరు ఆలది.” కాసేపాగి అన్నాడు, “ఆ సాగదీసే ముక్క ఉంది సూడు, పైకెల్లేది. పోలరాజు పాడి ఇనిపించినాడు, ఎదవ గొంతుతో. ఓపాలి నువ్వు పాడు.”

పద్మ నిలబడే పాడింది. ఆయన పళ్లెంలో చెయ్యి ఆపి విన్నాడు.

ఏటేటి పాట వేసవి దాకా మోగింది. ఆ తర్వాత బొంబాయి నుంచి ఇంకేదో పాట వచ్చి టీ కొట్లలో చేరింది. మిత్రమండలి మళ్లీ వాళ్లను పిలవలేదు. కుసుమను నరసింహంగారు పై చదువుకు వేరే ఊరికి పంపారు. వెళ్లేముందు ఆమె గిటారు పద్మకిచ్చి, వేదిక మీద తన చేతులు ఆగిపోయినందుకు క్షమించమంది. ‘ఓలమ్మో’ పాటకు పద్మ రానంది. జానకి వెళ్లి మరో ఇద్దరితో పాడింది. ఆ రికార్డు ఎవరూ కొనలేదు. జానకి తిరిగొచ్చి నెల రోజులు ఎవరికీ ముఖం చూపించలేదు. ఒక సాయంత్రం పద్మే వెళ్లి ఆమె గడప మీద గిటారు పెట్టుకుని కూర్చుంది. గిటారు మీద ఆమెకు నాలుగు పట్లే వచ్చు. వాటితోనే తాను కట్టిన పాట వినిపించింది. షిఫ్టు దిగి వచ్చే మనిషిని ఇంట్లోవాళ్లు అడిగే మాటలే పాట. మొత్తం తమ మాటలోనే ఉంది, నవ్వించేది ఒక్కటీ లేదు.

“ఇది ఎవరు కొంతారే?” అంది జానకి.

“తెల్దు. అడుగుదాం.”

సెప్టెంబరులో ఇద్దరూ కలకత్తా వెళ్లారు. అనిమేష్ బాబు టీ ఇప్పించి, పాట చివరి దాకా విని, గొంతు అద్భుతం, కానీ ఇందులో జనం పట్టుకునే ముక్క లేదన్నాడు. రెండో కంపెనీలో పూజల తర్వాత రమ్మన్నారు. మూడోది ధర్మతల్లాలో, ఇరుకు మెట్ల మీద మూడో అంతస్తు. భోజనాల వేళ, తలుపు వేసి ఉంది.

జానకి మెట్టు మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తోంది. “కూకోవే. ఇంకో అరగంట పడతాది.”

“నాను కూకోనేను.”

పద్మ మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, గోడకున్న రికార్డుల అట్టలన్నీ చదివి, గిటారు ఒక భుజం నుంచి ఇంకో భుజానికి మార్చుకుంది. కింద వీధిలో ట్రాము గంట కొట్టుకుంటూ పోయింది. లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది.

“లే” అంది పద్మ. “లేవే, ఎవరో వత్తన్నారు.”

జానకి ఒళ్లోని తొక్కలు దులుపుకుని లేచేలోపే పద్మ తలుపు మీద రెండుసార్లు కొట్టింది.